క్రాకెన్ కంటే ఈ జీవే అద్భుతం
ఓడల్ని చుట్టేసి ముంచేసే క్రాకెన్ అనే రాకాసి గురించి నార్వే నావికులు తరతరాలుగా చెప్పుకున్నారు. ఆ కథలు ఆక్టోపస్‌కి చుట్టమైన, లోతు సముద్రంలో బతికే జెయింట్ స్క్విడ్‌ని చూసే పుట్టి ఉంటాయని చాలామంది అంటారు. నాకైతే కథలోని రాకాసి కంటే ఈ జీవే పెద్ద వింత. మూడు గుండెలు, నీలం రక్తం, ఇక మెదడైతే ఉంగరంలా మధ్యలో ఖాళీతో ఉంటుంది, మింగినదంతా ఆ ఖాళీలోంచే పొట్టలోకి పోవాలి కాబట్టి దొరికినదాన్ని ముందు చిన్న చిన్న ముక్కలుగా కొరుక్కోక తప్పదు! కన్ను దాదాపు 27 సెంటీమీటర్ల వెడల్పు. వేటాడటానికి వచ్చే స్పెర్మ్ తిమింగలం కదలికకు చిన్న జీవులు మిణుకుమంటే, ఆ వెలుగుని చీకట్లో దూరం నుంచే పసిగట్టడానికే అంత కన్ను అని ఒక వివరణ.

రాకాసుల్ని ఊహించేటప్పుడు మనం కోరలు, గోళ్ళు పెంచుతాం, తలలు పెంచుతాం, అంతే. మధ్యలో ఖాళీ ఉన్న మెదడు ఎవరికి తట్టింది?

పైగా 12 మీటర్ల దాకా పెరిగే ఈ జంతువు సముద్రంలో ప్రాణాలతో ఫొటోకి చిక్కింది 2004లోనే. జపాన్ శాస్త్రవేత్తలు 900 మీటర్ల లోతుకి ఎర దించితే వచ్చి తగులుకుంది, నాలుగు గంటలకు పైగా పెనుగులాడి, తెగిన టెంటకిల్‌ని (ఎరని పట్టుకునే పొడవాటి చేతిని) అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.