అమ్మ ఎక్స్‌రే మీద గీసిన గీత

మోకాలి మార్పిడికి ముందు తీసిన ఎక్స్‌రేలో అమ్మ కాలు తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఫిల్ములో కనిపించింది. సర్జన్ తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకు స్కేలుతో గీసిన గీత మోకాలి నడుమ నుంచి పోవలసింది పోయి, లోపలి అంచును కూడా దాటింది. బరువంతా లోపలి వైపే పడి గుజ్జు అరగడం, అరిగేకొద్దీ కాలు మరింత దొడ్డికాలు కావడం ఏళ్లుగా సాగాయన్నమాట.

తొడ ఎముక ఆ గీతకు సుమారు 5 నుంచి 7 డిగ్రీలు వాలి ఉంటుంది కనుక, ఎముక లోపలికి కడ్డీ దింపి, ఆ వాలును లెక్కగట్టి చివరను కోస్తారు. కింది ఎముక పైభాగం సహజంగా 3 డిగ్రీల మేర లోపలికి వాలి ఉంటుంది. కాలును నిటారుగా చేసే పాత పద్ధతిలో దాన్ని ఎముక నిలువుకు లంబంగా కోసి, ఆ తేడాను సరిచేయడానికి తొడ ఎముక చివర బిగించే కృత్రిమ భాగాన్ని 3 డిగ్రీలు బయటికి తిప్పి అమరుస్తారు. ఈ తిప్పడం తప్పితే మోకాలు వంచినప్పుడు ఒక పక్క బిగుస్తుంది, చిప్ప కూడా సరిగా కదలదు.

అసలు అందరి కాళ్లూ నిటారుగానే ఉండాలా అన్నది నా సందేహం. 2012లో బెల్జియం వైద్యుడు బెలెమాన్స్ బృందం ప్రచురించిన పరిశీలనలో, ఆరోగ్యవంతులైన మగవారిలో 32 శాతానికి, ఆడవారిలో 17 శాతానికి 3 డిగ్రీలు, ఆపైన సహజ దొడ్డితనమే ఉంది. అందుకే సహజ వాలును అలాగే ఉంచే కైనమాటిక్ పద్ధతి వైపు కొందరు మొగ్గుతున్నారు.

అమ్మకు చేసింది పాత పద్ధతే. సరిచేసిన కాలు కాస్త పొడవైనందున, రెండో చెప్పులో అట్ట పెట్టుకుని నడుస్తోంది.