నువ్వు, మీరు

నిన్న రాత్రి లుముంబా ప్రసంగం చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు. 1960 జూన్ 30, ఆఫ్రికాలోని కాంగోకి బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. బెల్జియం రాజు బోదువాన్ లేచి, కాంగోని పీల్చి పిప్పి చేసిన పాత రాజు రెండో లియోపోల్డ్‌ని పొగిడాడు. ఆ తర్వాత, కార్యక్రమంలో పేరు లేకపోయినా, కొత్త ప్రధాని పాట్రిస్ లుముంబా మాట్లాడారు. దెబ్బలు, అవమానాలు, లాక్కున్న భూములు, అన్నీ బోదువాన్ ఎదుటే చెప్పారు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఒక్క మాట. నల్లవాళ్లని 'నువ్వు' అనేవాళ్లు, 'మీరు' అన్నది తెల్లవాళ్లకే అట్టిపెట్టారు అన్నారాయన. ఆయన మాట్లాడింది ఫ్రెంచిలో; అందులో కూడా మనకి లాగే ఈ రెండూ వేరు. మా తాతయ్య గుర్తొచ్చారు. అరవై ఏళ్ల మనిషిని దొర ఇంటి పిల్లలు 'ఒరేయ్' అంటే తలొంచుకుని పలికేవారట. ఆ సంగతి చెప్పేటప్పుడు అమ్మ గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

ఏడు నెలలు తిరక్కుండానే, 1961 జనవరి 17న, కాంగోలోని కటంగా ప్రాంతంలో లుముంబాని కాల్చి చంపారు. వయసు 35. శవాన్ని యాసిడ్‌లో కరిగించారు. ఒక బెల్జియం పోలీసు దాచుకున్న పన్ను ఒక్కటి మిగిలింది. 2022 జూన్‌లో దాన్ని లుముంబా పిల్లలకి తిరిగిచ్చారు. ఒక్క పన్ను కోసం నిలువెత్తు శవపేటిక. ఆ ఫొటో చూస్తూ అలాగే కూర్చుండిపోయాను.