ఆషాఢ గాలిలో ఎఫ్3కె: వెనక్కి రాని గ్లైడర్ లెక్క

బెంగళూరు చుట్టుపక్కల ఆషాఢంలో ఎఫ్3కె పోటీ (ఇంజను లేకుండా, చేత్తో విసిరి రేడియోతో నడిపే చిన్న గ్లైడర్లది) పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, వాళ్లకో దండం. ఇక్కడ గాలి విరుచుకుపడే నెలంటే జులైయే. ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున నైరుతి గాలి జోరుగా పోతుంటుంది. ఎండెక్కి నేల కాగాక కింది గాలీ పైగాలీ కలిసిపోయి, ఆ జోరంతా నెత్తిమీదికి దిగుతుంది. పొద్దున ఎనిమిదింటికి బుద్ధిగా ఉన్న మైదానం పదకొండయ్యేసరికి టోపీలు ఎగరగొడుతోంది.

పోటీ హోస్కోటె దాటాక కోలారు దారిలో, ఇంకా నీళ్లు చేరని ఒక చెరువులో. ఊళ్లో జక్కూరు, యలహంక, హెచ్‌ఏఎల్, దేవనహళ్లి విమానాశ్రయాల మధ్య, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో పచ్చరంగు వెతుక్కోవడం కంటే ఇంత దూరం కారు తోలడమే సుఖం.

నాది 1.5 మీటర్ల రెక్కల కార్బన్ డీఎల్‌జీ (రెక్క కొస పట్టుకుని గిర్రున తిరిగి విసిరే గ్లైడర్), ఖాళీగా 265 గ్రాములు. ఆల్ అప్ (అందరూ ఒకేసారి విసిరే) రౌండ్‌లో మా గ్రూపులో మొదటి స్థానం, 1000 పాయింట్లు. ల్యాడర్ (ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు ఎగరాల్సిన రౌండ్) ఫరవాలేదు. కడుపుమంటంతా 1-2-3-4 టాస్క్ దగ్గరే.

పది నిమిషాల్లో ఒకటి, రెండు, మూడు, నాలుగు నిమిషాల ఫ్లైట్లు పడాలి. ఈ గాలిలో నాలుగు నిమిషాలు నిలవాలంటే థర్మల్ (పైకి లేచే వేడిగాలి) దొరకాలి, దొరికాక దాంతోపాటు కొట్టుకుపోవాలి. లాంచ్‌లో 52 మీటర్ల ఎత్తు వచ్చింది. కాస్త తచ్చాడాక, నీలగిరి తోపు మీదుగా వచ్చిన ఒక చిన్న బుడగలో తిప్పుతూ 60కి చేరా. అప్పటికి గ్లైడర్ గాలి పోయే వైపున నాకు 150 మీటర్లు వెనక ఉంది. వాచీ పట్టుకున్న మా బావమరిది "బావా, చాలు, ఇక వచ్చెయ్" అన్నాడు. రిఫ్లెక్స్ (వేగం కోసం రెక్క వెనక అంచును కాస్త పైకి లేపడం) 2 మిల్లీమీటర్లు పెట్టి, ముక్కు గాలికి తిప్పా.

ఆ ఎత్తులో గాలి సెకనుకు 7 మీటర్లు (తిప్పుతున్నప్పుడు జీపీఎస్‌లో కనిపించిన కొట్టుకుపోత ఇది. నేలమీద చేతి మీటరు 5 చూపించింది, విసురు వచ్చినప్పుడు 8). ఈ రిఫ్లెక్స్‌తో, అంటే స్పీడ్ మోడ్‌లో, నా గ్లైడర్ 10తో పోతుంది, అంటే నేలమీద లెక్కకు 3. గాలి లేని పొద్దుల్లో ఇదే సెట్టింగ్‌లో సింక్ (కిందికి దిగే వేగం) సెకనుకు 1 మీటరు అని లాగ్‌లో (ఎగిరినప్పుడు నమోదైన రికార్డులో) చాలాసార్లు చూశా. 150 మీటర్లకు 50 సెకన్లు, 50 మీటర్ల ఎత్తు ఖర్చు. ఇంకా 10 మిగిలి నా చేతికి రావాలి.

వచ్చిందా? 33 సెకన్లలో నేలకు దిగిపోయింది. 100 మీటర్లు వచ్చి, నాకింకా 50 మీటర్లు ఉందనగా కొత్తగా రాగి విత్తిన చేలో వాలింది. మైదానం గీత అవతల కాబట్టి ఆ ఫ్లైట్ సున్నా. ఆ చేను పెద్దాయన కోలారు తెలుగులో "ఏమప్పా, నీ పక్షి మళ్లీ ఈడే వాలితే గూడు కట్టిపెడ్తా చూడు" అన్నాడు. గ్లైడర్‌కి గీత కూడా పడలేదు. రాగికి కూడా.

సగటు సింక్ 1.8. నా లెక్కకు దాదాపు రెట్టింపు. ఎందుకు?

మొదట లింకేజీని, అంటే సర్వో అనే చిన్న మోటారు నుంచి రెక్క వెనక అంచును కదిపే పుష్‌రాడ్ కడ్డీల అమరికని, అనుమానించా. రిఫ్లెక్స్‌లో పైకి లేచిన వెనక అంచును గాలి కిందికి నొక్కేస్తోందేమో. మూడు పది రూపాయల నాణేలు (దాదాపు 23 గ్రాములు) అంచుకు టేపుతో అంటించి చూస్తే కుడివైపు 0.4 మి.మీ. దిగింది, ఎడమవైపు 1.2. ఎడమ పుష్‌రాడ్ లోపల ఆనిక లేకుండా విల్లులా వంగుతోంది. మధ్యలో చిన్న గొట్టం ముక్క అతికించా, రెండూ 0.4కి వచ్చాయి. బాగానే ఉంది గానీ, గాలి లేనప్పుడు కొలిచిన ఆ 1 మీటరు కూడా ఈ వదులుతో వచ్చిందే కదా. కాబట్టి తేడాకు ఇది కారణం కాలేదు. ఇక్కడి ఎత్తు 900 మీటర్లు, గాలి సముద్రమట్టం కంటే 8 శాతం పలచన అన్న వాదన కూడా ఇలాగే వీగిపోతుంది, కొలిచిందీ ఇక్కడే. ఇంటర్నెట్‌లో దొరికే యూరప్ బ్యాలస్ట్ (గాలికి తగ్గట్టు గ్లైడర్‌లో వేసే అదనపు బరువు) పట్టికలు వాడేవాళ్లు మాత్రం ఆ 8 శాతం గుర్తుపెట్టుకోండి. వేగంలో అది 4 శాతం తేడా.

అసలు సంగతి లాగ్‌ను ముక్కలు చేశాక కనిపించింది. మొదటి 15 సెకన్లలో సింక్ 2.1, తర్వాత నేల దాకా 1.55. మొదటి ముక్క అర్థమవుతోంది: థర్మల్ గాలితో కదిలిపోతుంటే దాని వెనక, గాలి వచ్చే వైపున, దిగే గాలి ఉంటుంది. నేరుగా ఎదురుగాలిలో వస్తే దాని కడుపులోంచే వస్తాం. రెండో ముక్కకి అది చాలదు. నాకు ఎదురుగా 180 మీటర్ల దూరంలో ఆ నీలగిరి తోపు, ఎత్తు ఓ 20 మీటర్లు. తోపు దాటిన గాలి చాలా దూరం దాకా సుడులు తిరుగుతూనే ఉంటుంది. కిందికి దిగేకొద్దీ గ్లైడర్ ఊగడం నా కళ్లారా చూశా. ప్రతి కుదుపుకీ స్టిక్ కదపాలి, కదిపిన ప్రతిసారీ కొంచెం ఎత్తు పోతుంది.

పోటీ అయ్యాక, దాదాపు అదే గాలిలో, గ్లైడర్‌ను వెనక్కి తీసుకెళ్లి, ముందుగా గాలికి అడ్డంగా పక్కకి 40 మీటర్లు జరిపి, అప్పుడు ఎదురు తిప్పా. సగటు సింక్ 1.25. ఎగిరి గంతేశా. ఇంటికొచ్చి లెక్కేస్తే ఏడుపొచ్చింది. పక్కకి జరగడానికి 4 సెకన్లు, ఆ లోపు గాలి ఇంకో 28 మీటర్లు వెనక్కి తోస్తుంది. 60 మీటర్ల ఎత్తుతో నేరుగా అయితే 100 మీటర్ల దూరం నుంచి రాగలను, పక్కకి జరిగితే 104 నుంచి. నాలుగు మీటర్ల లాభానికి ఇంత తెలివి!

ఇక బ్యాలస్ట్. పీణ్యలో లేత్ షాపులో చేయించిన ఇత్తడి కడ్డీ నా దగ్గరుంది: 70 గ్రాములు, 12 మి.మీ. మందం, 73 మి.మీ. పొడవు. ఎండ సరిగ్గా లేదని ఆ రౌండ్‌లో అందరం ఖాళీగానే ఎగరేశాం. కడ్డీ వేస్తే బరువు 335, వేగం 12 శాతం పెరిగి 11.2, నేలమీద 4.2. దిగే గాలిని అలాగే ఉంచి లెక్కేస్తే నేరుగా 131 మీటర్ల నుంచి వస్తుంది. బ్యాలస్టూ పక్కకి జరగడమూ రెండూ కలిపితే 144. ఇంకా ఆరు మీటర్లు తక్కువే! అయినా బలహీనమైన బుడగలో 335 గ్రాములతో ఆ 60కి ఎక్కేవాడినా అన్నది వేరే గొడవ.

సీసం వద్దు. చేతులు పాడు, ఆకారమూ నిలవదు. తర్వాతిది టంగ్‌స్టన్, అదే 70 గ్రాములు 32 మి.మీ.లో ఇమిడిపోతుంది, సీజీ (గ్లైడర్ తూగే కేంద్రం) దగ్గరే కూర్చుంటుంది. ధర అడిగితే మా ఆవిడ వినేలా చెప్పలేను. సర్వోల మీద డబ్బు తగలేసే బదులు లాగింగ్ మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. రేడియోమాస్టర్ కంట్రోలర్‌లో ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే వేరియో (ఎక్కే, దిగే వేగం కొలిచేది), జీపీఎస్ అంతా కార్డులో పడుతుంది, ఈ ముక్కల లెక్క అందులోంచి తీసిందే. గాలిలో నేర్చుకుంటున్నవాళ్లు నా మాట విని ముందు లిబెల్ లాంటి ఫోమ్‌ది కొనండి, రాగి చేలో పడ్డా గుండె ఆగదు.

థర్మల్ వెనక గాలా, తోపు సుడులా అన్నది ఇంకా తేలలేదు. పక్కకి జరిగినప్పుడు రెండింట్లోంచీ బయటపడ్డాను మరి. చెరువు ఉత్తరం కొసన గాలి వచ్చే వైపు చెట్లే లేవు, ఉత్త కట్టే. అక్కడ నిలబడి నేరుగా వెనక్కి రప్పిస్తే, రెండో ముక్క 1.55 నుంచి 1.1 దగ్గరికి దిగితే నేరం తోపుదే. రిఫ్లెక్స్ 3 మి.మీ. పెట్టి 12 వేగంతో కూడా చూడాలి, ఎదురుగాలి, సింక్ రెండూ ఉన్నప్పుడు ఇంకా గట్టిగా తోలడమే లాభమని నా అనుమానం. శ్రావణంలో గాలి మెత్తబడేలోపే వెళ్లాలి, బావమరిదికి శనివారం సెలవు దొరికితే ఈ వారమే.