బండి ఇచ్చేశాను

బుధవారం రాత్రి, జయపురం, ఒడిశా

పొద్దున్న ఏడింటికే బ్యాంకు సందేశం వచ్చింది. 13 లక్షల 40 వేలు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలకుండా సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. అంటే ఇవాళ మా టయోటా హైరైడర్ బండి ఇచ్చేయాలి. పెట్రోలు ఇంజనూ, బ్యాటరీతో ఆడే మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ కారు.

నెల రోజులుగా ఈ అమ్మకం నా ప్రాణం తోడేసింది. మందుల దుకాణంలో కూర్చుని ఒక చేత్తో చీటీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఎంతమందికి జవాబు చెప్పానో. "చార్జింగు ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగినవాళ్లే సగం మంది. ఎక్కడా పెట్టనక్కర్లేదు, పెట్రోలు పోస్తే చాలు, బ్యాటరీ నడకలోనే నిండుతుంది అంటే నమ్మరు. "అలా ఎలా నిండుతుంది?" అని ఒకాయన దబాయించాడు, నేనేదో గారడీ చూపిస్తున్నట్టు. కొరాపుట్ నుంచి వచ్చిన ఒక ఉద్యోగి కుటుంబంతో సహా బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. పిల్లలు హారన్ కొట్టారు, ఆయన భార్య అద్దంలో బొట్టు సరిచేసుకుంది. అంతా అయ్యాక "బ్యాటరీ పోతే?" అన్నాడు. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, ఇది 2023 హైరైడర్, 41,000 తిరిగింది అని కాగితాలు చూపించాను. "అది సరేనండీ, పోతే?" అన్నాడు మళ్లీ. ఆయన నెలకు తిరిగేది మహా అయితే 500 కిలోమీటర్లు. పాత కార్లు కొనే సంస్థ ఒకటి ఫోనులో ఒక ధర చెప్పి, మనిషిని పంపి లక్షన్నర కోసేసింది. బంపరు మీద గీత ఉందట. ఆ గీత నేనే కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే సగం పోయింది.

చివరికి కొన్నది టాక్సీ నడిపే అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గానీ నలభై దాటి ఉంటాయి. సాలూరు వైపు వాళ్లు, తాతల కాలంలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. తల్లికి షుగరు మాత్రలు నా దగ్గరే కొంటాడు. పోయిన వారం మాత్రల కోసం వచ్చి, బయట నిలబెట్టిన బండిని చూసి, బ్యాటరీ సంగతి ఎత్తకుండా ఒకే మాట అడిగాడు. "అక్కా, ఏసీ వేసి నిలబెడితే ఇంజన్ ఎంతసేపటికి ఒకసారి తిరుగుతుంది?"

నెల రోజుల్లో నాకు ఎదురైన మొదటి తెలివైన ప్రశ్న అది. జవాబు నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఉండరు. రెండేళ్లు నాన్నగారిని విశాఖ ఆస్పత్రికి తిప్పాను కదా. ఇక్కడి నుంచి సుమారు 220 కిలోమీటర్లు. రిపోర్టుల కోసం నేను వరుసలో నిలబడితే ఆయన వెనక సీటులో కండువా మొహం మీద కప్పుకుని పడుకునేవారు. ఈ బండిలో ఏసీ బ్యాటరీ మీదే ఆడుతుంది. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజన్ కాసేపు తిరిగి, దాన్ని నింపి, ఆగిపోతుంది. మామూలు కారైతే ఆ రెండు మూడు గంటలూ ఇంజన్ రొద పెడుతూ పెట్రోలు తాగుతూ ఉండాల్సిందే. "మాకు కిరాయి దొరికేదే ఆస్పత్రులకక్కా, తిరిగేదానికంటే ఆగేదే ఎక్కువ" అన్నాడు.

తరవాత మాత్రలు కట్టే కాగితపు కవరు ఒకటి తీసుకుని వెనకవైపు లెక్క వేశాడు. నెలకు 6,000 కిలోమీటర్లు. మామూలు పెట్రోలు బండి ఘాట్ రోడ్డు కలుపుకుని లీటరుకు 14 ఇస్తుందనుకో, ఇది 21. కంపెనీ చెప్పే 27.97ని అతను లెక్కలోకే రానివ్వలేదు. తేడా నెలకు 140 లీటర్ల పైమాట. లీటరు నూరు దాటిన రోజుల్లో అది 14 వేలు. వారంటీలో మిగిలిన 1,19,000 కిలోమీటర్లు అతను ఇరవై నెలల్లో తిరిగేస్తాడు. ఆలోగా మిగిలేది 2 లక్షల 80 వేలు. "బ్యాటరీ అప్పుడు పోనీండి" అన్నాడు. అయినా టాక్సీగా మార్చాక ఆ వారంటీ నిలుస్తుందో లేదో సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకున్నాకే బేరానికి కూర్చున్నాడు. నెలకు 500 తిరిగే ఆయన భయపడ్డాడు, 6,000 తిరిగేవాడు కవరు మీద లెక్క రాసుకున్నాడు.

డీజిల్ బండి ఎందుకు వదిలేస్తున్నావంటే, 2020లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త డీజిల్ బండ్ల పొగగొట్టాల్లో జల్లెడలు, వాటి మరమ్మతులు తన వల్ల కావన్నాడు. విద్యుత్తు కారంటే సాలూరు దారిలో సుంకి ఘాట్ మధ్యలో చార్జింగు కోసం ఎవరింటి తలుపు కొట్టాలని నవ్వాడు. లండన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు, అక్కడ ఫోనులో పిలిస్తే వచ్చే కార్లు ఒకప్పుడు చాలావరకు టయోటా వాళ్ల హైబ్రిడ్ ప్రియస్‌లే ఉండేవంటాడు. జపాన్‌లో 1997లో పుట్టిన ఆ బండి 2010లో మన దేశానికీ వచ్చింది గానీ, ఆ ధరకు టాక్సీవాళ్లు దాని వంక చూడలేదు. వాళ్లకు అందే హైబ్రిడ్ ఇలా నాలాంటివాళ్లు వాడి వదిలేసినదే.

ఇవాళ పదకొండింటికి వచ్చాడు. ముందు చక్రాల సందులోంచి ఫోను దీపం వేసి బ్రేకు ప్యాడ్లు చూశాడు. సగానికి పైగా ఉన్నాయి. బ్రేకు తొక్కితే ముందు మోటారే బండిని పట్టి ఆపుతుంది, ఆ ఊపు బ్యాటరీలోకి వెళ్తుంది, అందుకే ప్యాడ్లు అంత త్వరగా అరగవు. ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాను. సుంకి నుంచి సాలూరుకు దిగేటప్పుడు బ్యాటరీ చిన్నది కాబట్టి కొన్ని మలుపుల్లోనే నిండిపోతుంది. ఇక పట్టుకునే చోటు లేక ఇంజన్ గట్టిగా అరుస్తుంది. మొదటిసారి నాన్నగారు లేచి కూర్చుని "ఏమైందే?" అన్నారు. ఏమీ కాలేదు, అక్కడ గేరు బీలో, అంటే దిగుడులో ఇంజనే బండిని పట్టి ఉంచే గేరులో, పెట్టి దిగాలి.

తరవాత వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఊడదీశాడు. నేను రెండేళ్లలో ఒక్కసారీ ముట్టుకోలేదు. ఎర్ర దుమ్ము, మాత్రల రేకు ముక్క ఒకటి, తెల్లటి నూలుపోగులు ఉండలా చుట్టుకుని ఉన్నాయి. అతను ఊది పారేయబోతే "ఉండు తమ్ముడూ" అని కాగితం పట్టాను. ఎందుకు పట్టానో నాకే తెలియదు. అతను అడగలేదు. బ్రష్షుతో శుభ్రం చేసి జాలీ మళ్లీ బిగించాడు. డిక్కీ చూసి మాత్రం పెదవి విరిచాడు. బ్యాటరీ అక్కడ చాలా చోటు తినేసింది, పెళ్లి కిరాయిలకు పనికిరాదట.

మధ్యాహ్నం పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలు. అమ్మినట్టు 14 రోజుల్లో తెలపాలని చట్టం. మావారు "వాడు తెలిసినవాడే కదా, వాడే చేయించుకుంటాడులే" అన్నారు. ఒప్పుకోలేదు. రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం వాళ్ల మెడకే చుట్టుకుంటుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పైగా ఇది టాక్సీ అవుతుంది. దరఖాస్తు రసీదు చేతికి వచ్చేదాకా తాళంచెవి ఇవ్వలేదు. పేరు మారాక పర్మిట్టు, ఫిట్‌నెస్, టాక్సీ బీమా, గంటకు 80 దాటనివ్వని పరికరం, ఇంకా చాలా ఉన్నాయి. "పసుపు ప్లేటు వచ్చేదాకా ఒక్క కిరాయి కూడా ఎక్కించనక్కా, అమ్మ మీద ఒట్టు" అన్నాడు. నాలుగింటికి వెళ్లిపోయాడు.

అన్నం తిని, పడుకోబోయే ముందు ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే ఫోను మోగింది. విజయనగరం అవతలి టోల్‌గేటులో నా ఖాతా నుంచి డబ్బు కోసుకున్నారు. అన్ని కాగితాలూ చూసుకున్నదాన్ని, అద్దానికి అంటించిన ఫాస్టాగ్ మరిచిపోయాను.

వెంటనే ఫోను చేశాను.

"టోలు డబ్బు రేపు ఇచ్చేస్తానక్కా" అన్నాడు, నేను అడగకముందే.

"ఎవరిని తీసుకెళ్తున్నావు?"

వెనక ఎవరో పెద్దాయన దగ్గుతున్నారు. ఆగి ఆగి, చాలాసేపు.

"మావాళ్లేనక్కా."

జాగ్రత్తగా వెళ్లమని చెప్పి పెట్టేశాను. ఫాస్టాగ్ పొద్దున్నే మూయించాలి.