దెబ్బ తగిలింది మా బావకి, థెరపీ నాకు

రెండేళ్ల కిందట సూర్యాపేట దాటాక మా కారును వెనక నుంచి లారీ గుద్దింది. నడుపుతున్న బావకు కాలు విరిగి రాడ్ వేశారు. పక్కన కూర్చున్న నా ఒంటి మీద గీత కూడా పడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ‘అదృష్టవంతుడివిరా’ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మూడు నెలలకు బావ చేతికర్రతో నడుస్తూ జోకులేస్తున్నాడు. నేనేమో లారీ హారన్ వినపడితే బండి పక్కకు ఆపేసేవాణ్ణి. రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. రైలు టికెట్ దొరక్కపోతే జ్వరమని చెప్పి ఊరి ప్రయాణం మానేసేవాణ్ణి. అమ్మ ‘పిల్లాడు జడుసుకున్నాడు’ అని తాయెత్తు కట్టించింది. (అది ఇంకా ఉంది. తీస్తే అమ్మ ఊరుకోదు.)

అక్క పోరు పడలేక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఆ తర్వాత ఒక క్లినికల్ సైకాలజిస్టును కలిశాను.

“మేడమ్, దెబ్బలు తగిలింది మా బావకండీ,” అన్నాను కూర్చోగానే.

“ఆయన నిద్రపోతున్నారా?”

“గుర్రు పెట్టి మరీ.”

“మరి మీరు?”

ప్రమాదం జరిగిన కొత్తలో ఈ భయం చాలామందికి ఉంటుందట, ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుందట. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం పోకపోతే థెరపీ పనికొస్తుందన్నారు. కళ్లారా చూసినవాళ్లకీ, రోజూ ప్రమాదాల మధ్యే తిరిగే అంబులెన్స్ సిబ్బందికీ, చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లకీ అంతేనట. ఇంకా ఆ ఇంట్లోనే దెబ్బలు తింటున్నవాళ్లకైతే ముందు అక్కణ్ణుంచి బయటపడే దారి చూడాలట.

నాకు చేసింది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, అంటే తప్పించుకు తిరుగుతున్న భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనే థెరపీ. వారానికోసారి, గంటన్నర. కళ్లు మూసుకుని ఆ రోజును ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. ఫోన్‌లో రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినాలి. నా గొంతు నేనే వినలేక మొదటి వారం చెప్పకుండా ఎగ్గొట్టాను. భయానికి సున్నా నుంచి వందకు మార్కులు వేయాలి. అద్దం పగిలిన చప్పుడు దగ్గర మొదట తొంభై ఐదు వేశాను. విని విని, ఐదో వారానికి అక్కడికొచ్చేసరికి ఆవలింత వచ్చింది! తర్వాత హైవే పక్క టీ కొట్టు దగ్గర అరగంట నిలబడటం, ఆ తర్వాత పక్క సీట్లో ప్రయాణం, చివరికి స్టీరింగ్.

మొన్న దసరాకి విజయవాడ దాకా నేనే నడిపాను. సూర్యాపేట దాటాక వెనక లారీ గట్టిగా హారన్ కొట్టింది. మనసులోనే ముప్పై వేశాను. పక్క సీట్లో బావ గుర్రు పెడుతున్నాడు.