చర్మం చర్మంలాగే కనబడాలి: పోర్ట్రెయిట్ తీయడం, దిద్దడం

పోర్ట్రెయిట్, అంటే మనిషి ముఖం ఫొటో, బాగా రాలేదంటే ముందు లెన్స్‌కే తిట్లు పడతాయి. చాలాసార్లు తప్పు దూరానిది. ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకోండి. కెమెరా ముక్కుకి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవితో పోల్చినప్పుడు ముక్కు దాదాపు 24 శాతం ఉబ్బి కనిపిస్తుంది. అదే రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ ఉబ్బు 6 శాతమే. ఏ లెన్స్ పెట్టినా ఈ లెక్క మారదు. 85 మి.మీ. లెన్స్‌ని పోర్ట్రెయిట్ లెన్స్ అంటున్నారంటే, అది మనల్ని వెనక్కి నిలబెడుతుంది కాబట్టి. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాకి 50 మి.మీ. ఇంచుమించు అదే పని చేస్తుంది. ఫోన్‌తో తీసేవాళ్లు 2ఎక్స్ జూమ్ నొక్కి రెండడుగులు వెనక్కి వేస్తే చాలు, ముఖం తన ఆకారానికి వచ్చేస్తుంది.

ఇక అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం. ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఎఫ్ 1.8 ఉన్న లెన్స్ చేతికొస్తే దాన్ని 1.8 దగ్గరే వాడాలనిపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 85 మి.మీ. లెన్స్‌తో 1.5 మీటర్ల నుంచి అలా తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 3 సెంటీమీటర్లే. తల కాస్త పక్కకి తిరిగిందంటే ఒక కన్ను పదునుగా, రెండోది మసకగా పడుతుంది. ఎఫ్ 4 పెడితే లోతు 7 సెంటీమీటర్లకి వస్తుంది, రెండు కళ్లూ నిలుస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ మసకబారడం లేదంటే అపర్చర్ తెరవకండి, మనిషిని గోడకి రెండు మీటర్లు ఇవతలికి జరపండి. ఫోకస్ ఎప్పుడూ కెమెరాకి దగ్గరగా ఉన్న కంటి మీదే. షట్టర్ వేగం 1/200 సెకను కంటే తగ్గకుండా చూసుకోండి. కూర్చున్న మనిషి కూడా కదులుతూనే ఉంటాడు.

వెలుగు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. తర్వాత కంప్యూటర్ ముందు గంటలు తినే మచ్చలు, గుంటలు, జిడ్డు మెరుపు సగానికి సగం ఇక్కడే పుడతాయి. వెలుగు వచ్చే చోటు ముఖం నుంచి చూస్తే ఎంత పెద్దదిగా కనిపిస్తే నీడలు అంత మెత్తగా పడతాయి. కిటికీకి మీటరు దూరంలో, ముఖం దాదాపు 45 డిగ్రీలు దానివైపు తిరిగి ఉండేలా కూర్చోబెట్టండి. అదే కిటికీ మూడు మీటర్ల దూరానికి పోతే చిన్న దీపంతో సమానం, అప్పుడు ప్రతి మొటిమకీ ఒక నీడ. ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్లగుడ్డ అడ్డం కట్టండి. చీకటి పడిన చెంప వైపు ఒక థర్మోకోల్ షీట్ నిలబెట్టండి. నీడ మరీ పోయి ముఖం చదునుగా కనిపిస్తే షీట్‌ని వెనక్కి జరపండి. గదిలో లైట్లు ఆపేయడం మరిచిపోవద్దు. పగటి వెలుగూ బల్బు వెలుగూ కలిస్తే ఒక చెంప నీలంగా, ఇంకోటి పసుపుగా పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా రంగు సరిచేయడం) ఫొటో మొత్తానికి ఒకేలా పనిచేస్తుంది కాబట్టి ఒక చెంప బాగుచేస్తే రెండోది చెడుతుంది. ఆకుపచ్చ గోడ పక్కన కూర్చోబెడితే దవడ కింద ఆకుపచ్చ ఛాయ కూడా తేలుతుంది.

ముఖం జిడ్డుగా మెరుస్తుంటే టిష్యూతో అద్దండి. పది సెకన్ల పని. కంప్యూటర్‌లో అదే అరగంట.

ఎక్స్‌పోజర్ (ఫొటోకి ఎంత వెలుగు అందాలి) విషయంలో వెలుగు కొలిచే కెమెరా మీటర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. అది చూసిందల్లా సగటు బూడిదరంగుకి లాగాలని చూస్తుంది. తెల్లచొక్కా, తెల్లగోడ ఉన్న ఫ్రేములో ఛామనఛాయ ముఖం నల్లబడిపోవడం అందుకే. చిన్న చోటులో మాత్రమే వెలుగు కొలిచే స్పాట్ మీటర్‌తో చెంప మీద కొలిచి, ఒక ఫొటో తీసి చూసి సరిదిద్దుకోండి. చర్మంలో వెలుగు ఎక్కువై ముందు వివరాలు పోయేది ఎరుపు చానల్‌లో, కాబట్టి హిస్టోగ్రాంలో (వెలుగు పంపకం చూపే గ్రాఫ్) మూడు రంగులూ విడివిడిగా చూడాలి. రా ఫైల్‌లో (కెమెరా కుదించని అసలు డేటాలో) తీయండి. అదే వెలుగులో గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పట్టుకుని ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, ఎర్ర బట్టలు చూసి ఆటో వైట్ బ్యాలెన్స్ తడబడినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఎడిటింగ్. ముందు వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్. తర్వాత మచ్చలు. ఆపైన వెలుగునీడలు, రంగు. షార్పెనింగ్ (పదును పెంచడం) అన్నిటికన్నా చివర, సైజు తగ్గించాక. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. ఏది తీసెయ్యాలి అన్నదానికి ఒక కొలత ఉంది: రెండు వారాల్లో పోయేది తీసెయ్యొచ్చు, పుట్టుమచ్చ, పాత గాటు, నవ్వితే పడే ముడత ఉంచాలి. హీలింగ్ బ్రష్‌ని (మచ్చని చుట్టుపక్కల చర్మంతో కప్పే పనిముట్టు) మచ్చకన్నా కొంచెమే పెద్దదిగా పెట్టి, కొత్త ఖాళీ లేయర్ (ఫొటో మీద పరిచే పొర) మీద వాడండి. రేపు మనసు మారితే ఆ లేయర్ చెరిపేస్తే చాలు.

చర్మం నునుపు చేయడానికి అందరూ చెప్పే పద్ధతి ఫ్రీక్వెన్సీ సెపరేషన్, అంటే చర్మపు గరుకుని ఒక లేయర్‌లో, రంగూ వెలుగునీడలూ ఇంకో లేయర్‌లో విడదీయడం. ఫొటోషాప్‌లో ఫొటోని రెండు లేయర్లుగా కాపీ చేసి, కిందిదానికి గాసియన్ బ్లర్ (మసక చేసే ఫిల్టర్) ఇవ్వాలి. చర్మ రంధ్రాలు కరిగిపోవాలి, కళ్లూ ముక్కూ ఎక్కడున్నాయో మాత్రం తెలుస్తుండాలి. 24 మెగాపిక్సెల్ ఫొటోలో ముఖం నిండుగా ఉంటే 6 నుంచి 10 పిక్సెల్స్ దగ్గర అది కుదురుతుంది. పై లేయర్ మీద అప్లై ఇమేజ్ తెరిచి, లేయర్ దగ్గర కిందిదాన్ని ఎంచుకుని, 8 బిట్ ఫైలుకి సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128 ఇవ్వాలి. 16 బిట్ అయితే ఇన్వర్ట్ టిక్ పెట్టి యాడ్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. తర్వాత బ్లెండ్ మోడ్ లీనియర్ లైట్. ఈ దశలో ఫొటో మొదట్లో ఎలా ఉందో అచ్చం అలాగే కనిపించాలి. మసకగా ఉందంటే లేయర్ దగ్గర మెర్జ్‌డ్ అనే ఉండిపోయి ఉంటుంది. గింప్ (ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి గ్రెయిన్ ఎక్స్‌ట్రాక్ట్, గ్రెయిన్ మెర్జ్ మోడ్‌లతో ఇదే పని అవుతుంది.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. కింది లేయర్‌ని ముఖమంతా బ్లర్ చేసేస్తే మాత్రం చెంప ఎముక, ముక్కు పక్కన ఉండే సహజమైన నీడ అన్నీ కరిగిపోతాయి. పైన రంధ్రాలు ఉంటాయి, కింద ఎముక ఉండదు. మైనపు బొమ్మకి చర్మం అతికించినట్టు ఉంటుంది. నన్నడిగితే దీన్ని కంటి కిందా నుదుటి మీదా రంగు మచ్చలకి మాత్రం వాడి, మిగతాది డాడ్జ్ అండ్ బర్న్‌తో (కొన్ని చోట్ల వెలిగించడం, కొన్ని చోట్ల ముదురు చేయడం) చేసుకోవడం నయం. రెండు కర్వ్స్ (వెలుగు సరిచేసే) లేయర్లు వేయండి, ఒకటి వెలుగు పెంచేది, ఒకటి తగ్గించేది. రెండింటి మాస్కులూ (లేయర్ ఎక్కడ కనబడాలో చెప్పే ముసుగులు) నల్లగా మార్చి, మెత్తటి తెల్ల బ్రష్‌తో ఫ్లో (ఒక్కో రుద్దుకి పడే రంగు) 2, 3 శాతం పెట్టి చిన్న చిన్న మరకల మీద మెల్లగా రుద్దండి. పైన తాత్కాలికంగా ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్, కాస్త కాంట్రాస్ట్ పెంచే కర్వ్ వేసుకుంటే రంగుల మాయ పోయి మరకలు బయటపడతాయి. బర్న్ చేసిన చోట చర్మం ఎర్రబడితే సాచురేషన్ (రంగు గాఢత) 5, 10 పాయింట్లు తగ్గించండి. 200 శాతం జూమ్‌లో కూర్చుంటే ఎవరికీ కనిపించని రంధ్రాలన్నీ సరిచేస్తూ ఉండిపోతారు. 50 శాతం దగ్గర పనిచేస్తూ, అప్పుడప్పుడు ఫొటో మొత్తం చూస్తుండాలి.

లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆరెంజ్ ల్యూమినెన్స్ (నారింజ రంగు వెలుగు) పెంచి ఛాయ తెల్లబరచడం తేలిక. తేలిక కాబట్టే అంతమంది చేస్తారు. పెంచినకొద్దీ ముఖంలో మలుపులు చెరిగిపోతాయి, గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే గరుకు) పైకొస్తుంది, మెడకీ చేతులకీ పొంతన ఉండదు. ముదురు చర్మానికి ఆకారం ఇచ్చేది మెరుపు. దాన్ని చంపొద్దు.

కళ్లలో తెల్లగుడ్డు పూర్తిగా తెల్లగా ఉండదు, చేయకూడదు. అక్కడ ఎక్స్‌పోజర్ 0.3 పెంచితే చాలు. కనుపాపలో మెరుపు చుక్క ఉన్నదానికి ఎదురు వైపు కొంచెం వెలిగిస్తే కన్ను లోతుగా కనిపిస్తుంది. పళ్లకి పసుపు సాచురేషన్ కొంత తగ్గిస్తే సరి, వెలుగు పెంచే అవసరం సాధారణంగా పడదు.

తెర మీద చూపించడానికైతే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలో, పొడుగు వైపు 2048 పిక్సెల్స్. 8×10 అంగుళాల ప్రింటుకి 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్) లెక్కన 2400×3000 పిక్సెల్స్ కావాలి. ప్రింట్ నల్లగా వచ్చిందని ల్యాబ్‌ని అనేముందు మానిటర్ బ్రైట్‌నెస్ చూడండి. చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలా మధ్య ఉండాల్సింది చాలా తెరలు అంతకు మించి వెలుగుతూ ఉంటాయి. అనుమానముంటే అదే ఫొటోని మూడు వేర్వేరు బ్రైట్‌నెస్‌లలో 4×6 సైజులో ప్రింట్ తీయించి, పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూశాకే పెద్దది చేయించండి.