అక్షింతల పురుగు: పిల్లల్ని పెంచే ముందు తల్లిని చూడండి

అక్షింతల పురుగు గుడ్లు పెట్టాక మళ్లీ వెనక్కి రాదు. కాపలా కాయదు, తిండి తెచ్చిపెట్టదు. అయినా పిల్లపురుగు బతుకు చాలావరకు గుడ్డులో ఉండగానే తేలిపోతుంది. పంట రసం పీల్చే పేనుబంకను ఇవి తింటాయని, దాని మీదికి వదలడానికి వీటిని పెంచేవాళ్లు పిల్లల డబ్బాల మీద చూపే శ్రద్ధ తల్లుల మీద చూపరు. దెబ్బ పడేది అక్కడే.

ముందుగా ఒక మాట. వంగ ఆకును గీకి జల్లెడ చేసే ఎపిలాక్నాను కూడా మన దగ్గర అక్షింతల పురుగనే అంటారు. దాని ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది, నిగనిగలాడదు. అది పంటకు శత్రువు. ఇక్కడ చెప్పేది బొబ్బర, పత్తి, వేరుశనగ చేలల్లో తిరిగే మిత్రపురుగు గురించి, ముఖ్యంగా వీపు మీద వంకర నల్లగీతలుండే చీలోమెనిస్ సెక్స్‌మాకులేటా గురించి.

తల్లి చేసే మొదటి మేలు చోటు ఎంచుకోవడం. పేనుబంక అప్పుడప్పుడే పెరుగుతున్న కొమ్మ దగ్గర గుడ్లు పెడితేనే పిల్లలు ఎదిగేదాకా తిండి సరిపోతుంది. పిల్లపురుగులు నడిచిన చోట వాటి పొట్ట చివరి నుంచి ఒక రసాయనం అంటుకుంటుంది. కొన్ని జాతుల్లో తల్లి ఆ జాడ తగలగానే గుడ్లు పెట్టకుండా వెళ్లిపోతుంది. అందుకే ఒకే మొక్క మీద పిల్లల్ని కుమ్మరిస్తే, తర్వాత వచ్చే తల్లులు ఆ మొక్కను వదిలేస్తాయి. చేనంతా పలచగా వదలండి.

ఇక గుడ్ల గుంపును భూతద్దంతో చూడండి. పసుపు గింజలు నిలువుగా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టినట్టుంటాయి. రెండు మూడు రోజులకు మంచి గుడ్లు బూడిద రంగుకు తిరుగుతాయి. పిల్లలు బయటికి వచ్చి చాలాసేపు ఖాళీ పెంకుల మీదే గుంపుగా కూర్చుంటాయి. ఆ సమయంలోనే, ఇంకా పసుపుగా మిగిలిన గుడ్లను తినేస్తాయి. చూడటానికి ఘోరంగా ఉంటుంది కానీ ఒక్క గుడ్డు తిన్న పిల్ల, మొదటి పేనును పట్టుకునేదాకా ఆకలికి తట్టుకుంటుంది. కొత్త పిల్లకు వేట అంత తేలిక కాదు.

ఆ గుడ్లన్నీ పాడైపోయినవేనా? కాకపోవచ్చు. హార్మోనియా ఆక్సిరిడిస్ అనే మరో అక్షింతల పురుగు మీద కెనడాలో చేసి 2005లో ప్రచురించిన పరిశోధనలో, తిండి తక్కువగా ఉన్నచోట తల్లులు పొదగని మేతగుడ్లను 56 శాతం ఎక్కువగా పెట్టాయి. పిల్లలకు ముందే చద్ది కట్టి ఇచ్చినట్టన్నమాట. ఈ పురుగుల పెంపకంలో నన్ను అన్నిటికన్నా కదిలించే విషయం ఇదే. కాబట్టి పసుపు గుడ్లను గిల్లి తీసేయకండి. ఆకు ముక్కతో సహా గుంపు మొత్తాన్ని వేరే డబ్బాలోకి మార్చండి. తల్లి దగ్గరే ఉంచితే, ఆకలేసినప్పుడు తన గుడ్లను తనే తినేస్తుంది.

గుడ్డులో తల్లి విషం కూడా దాచిపెడుతుంది. పెద్ద పురుగును నొక్కితే కీళ్ల దగ్గర పసుపు చుక్క ఊరుతుంది కదా, ఆ చేదు రసాయనాలే గుడ్డులోనూ ఉంటాయి. వీపు మీద రెండు మచ్చలుండే అడాలియా అనే అక్షింతల పురుగు గుడ్లను తిన్న వేరే జాతి పిల్లలు దెబ్బతింటాయి.

మగదాని వంతునూ తక్కువ చేయకూడదు. ఒకసారి జతకట్టిన ఆడది వీర్యాన్ని దాచుకుని వాడుకుంటుంది, కానీ రోజులు గడిచేకొద్దీ పొదిగే గుడ్లు తగ్గుతాయి. వయసు లెక్క కూడా ఉంది. ప్రొపైలియా డిసెక్టా అనే జాతిలో తల్లిదండ్రుల వయసును బట్టి గుడ్ల సంఖ్య, పొదుగుడు మారతాయని లక్నో విశ్వవిద్యాలయంలో ఓంకార్, గీతాంజలి మిశ్రా చూపించారు. పెంపకానికి మరీ లేతవీ, మరీ ముదురువీ కాకుండా నడివయసు జంటలే మేలు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్యే తరాల తరబడి జతకట్టిస్తే పొదుగుడు పడిపోతుంది. చేలనుంచి అప్పుడప్పుడు కొత్తవాటిని పట్టి కలపాలి.

ఒక చిక్కు మాత్రం తిండితో తీరదు. కొన్ని జాతుల్లో తల్లి నుంచి పిల్లలకు వచ్చే బాక్టీరియా మగ పిండాలను గుడ్డులోనే చంపేస్తుంది. అడాలియాలో రికెట్సియా, స్పైరోప్లాస్మా, వొల్బాకియా అనే మూడు రకాల బాక్టీరియా ఈ పని చేస్తాయి. చచ్చిన తమ్ముళ్ల గుడ్లను అక్కచెల్లెళ్లు తిని బలపడతాయి. చేనులో అది వాటికి లాభమే, పెంపకంలో మాత్రం మగవి కరువై జతలు కుదరవు.

ఈ చిక్కును పట్టుకోవడానికి ఒకటే దారి. ప్రతి తల్లినీ విడి డబ్బాలో ఉంచి, డబ్బాకు నంబరు వేసి, పెట్టిన గుడ్లు, పొదిగిన గుడ్లు రోజూ రాయండి. గుడ్లు అన్నీ పసుపుగానే ఉండి ముడుచుకుపోతే ముందు కొత్త మగదాన్ని వదిలి చూడండి. బాగా మేపి, మగదాన్ని మార్చినా ప్రతి గుంపులో సగమే పొదుగుతుంటే, వచ్చిన పిల్లలన్నీ ఆడవే అయితే, ఆ తల్లినీ దాని కూతుళ్లనూ పెంపకంలోంచి తీసేయండి.